నాలుగు రోజుల దూకుడు

2021 ఏప్రిల్ 30, శుక్రవారం. టీవీ ఛానళ్లన్నీ ఒకటే వార్త మోగిస్తున్నాయి. తెలంగాణ మంత్రి ఈటల రాజేందర్ కుటుంబానికి చెందిన హేచరీస్ తమ అసైన్డ్ భూములు లాక్కుందని మెదక్ జిల్లా రైతులు ముఖ్యమంత్రికి ఫిర్యాదు చేశారట. అంతా అబద్ధమంటున్నారు ఈటల.

తెల్లారేసరికి సర్వే బృందాలు ఆ జిల్లాలోని అచ్చంపేట పొలాల్లో దిగాయి. అదే రోజు ఆరోగ్య శాఖ ఆయన చేజారింది. ఆదివారం మంత్రి పదవే పోయింది. సోమవారం, ఈటలపైనే వచ్చిన మరో భూ ఆరోపణతో, శామీర్‌పేట మండలం దేవరయాంజాల్ వంతు వచ్చింది.

అక్కడి సీతారామచంద్రస్వామి ఆలయ మాన్యం 1,521 ఎకరాలు. అందులో గోదాములు లేచి ఏళ్లయింది, వివాదమూ పాతదే. అయినా కరోనా రెండో దశ ఊపిరాడనివ్వని ఆ మే 3నే నలుగురు ఐఏఎస్‌లతో కమిటీ వేస్తూ జీవో వచ్చింది. పంచాయతీరాజ్ కమిషనర్ రఘునందన్‌రావు, మేడ్చల్ కలెక్టర్ శ్వేతా మహంతి, మరో రెండు జిల్లాల కలెక్టర్లు అందులో సభ్యులు.

మర్నాడు హేచరీస్ పిటిషన్ హైకోర్టుకు చేరింది. నోటీసైనా ఇవ్వకుండా హడావిడిగా తయారుచేసిన అచ్చంపేట సర్వే నివేదికను పట్టించుకోవద్దన్నారు జస్టిస్ వినోద్‌కుమార్. విచారణను మాత్రం ఆపలేదు. నోటీసిచ్చి, వాళ్ల మాట విని చేసుకోమన్నారు. దేవరయాంజాల్ వాసులు కోర్టుకెక్కినప్పుడూ అదే వరస: విచారించుకోండి, నోటీసు లేకుండా కూల్చివేతల జోలికి పోవద్దు.

గుడి మాన్యం కాపాడాల్సిందే. దానికి 1987 దేవాదాయ చట్టమే దారి వేసింది: ఆక్రమణదారుకు నోటీసు, ట్రిబ్యునల్ విచారణ, ఆ తర్వాతే ఖాళీ చేయించడం. ఏళ్లుగా ఉన్న గోదాము రాత్రికి రాత్రి పారిపోదు. అలాంటప్పుడు అంత తొందర దేనికన్నదే ప్రశ్న.

2024 నవంబరు 13న బుల్డోజర్ల కేసులో సుప్రీంకోర్టు ముందు నోటీసు అన్న ఈ కొలతనే దేశమంతటికీ ఖాయం చేసింది. 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కూల్చడం తప్ప గత్యంతరం ఎందుకు లేదో ఉత్తర్వులో రాయాలి. గీత దాటిన అధికారి సొంత డబ్బుతో నష్టం పూడ్చాలి. రోడ్లు, చెరువుల ఆక్రమణలకు మాత్రం ఈ రక్షణ లేదంది.

మరి నోటీసిస్తే ప్రభుత్వం చేతులు కట్టేసినట్టేనా? అచ్చంపేటలో 2021 నవంబరులో నోటీసులిచ్చి మళ్లీ కొలిచారు. డిసెంబరు 6న కలెక్టర్ 70 ఎకరాల 33 గుంటలు ఆక్రమణలో ఉన్నాయని ప్రకటించారు. హేచరీస్ ఒప్పుకోలేదు, అది దాని హక్కు. కానీ ఈసారి నోటీసివ్వలేదని నివేదికను తోసిపుచ్చే వీలు ఎవరికీ లేకపోయింది. నోటీసు దోషికి కొమ్ముకాయదు. ప్రభుత్వం చెప్పేది నిజమైతే, ఆ నిజాన్ని కోర్టులో నిలబెడుతుంది.