పంచాంగం, గోడ క్యాలెండరు, ఫోను

కార్తీక అమావాస్యకి కారెంపూడి రమ్మని ఎవరూ ఎవరికీ ఫోన్ చేయరు. అయినా వీరాచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో తమ పెద్దల నాటి ఆయుధాలు పట్టుకుని నాగులేటి ఒడ్డుకి వచ్చేస్తారు. అక్కణ్ణుంచి అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఏ రోజు ఏం జరగాలో చీటీ రాసి పంచే పని లేదు. పదిమంది కలిసి వాడుకునే క్యాలెండరంటే, పల్నాడులో పుట్టిన నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఫోన్లో ఉన్నది ఆ తర్వాతే.

వెనకటికి పంచాంగం ఇంటింటా ఉండేది కాదు. ఊళ్లో అయ్యవారి దగ్గర ఒకటుంటే ఊరందరికీ సరిపోయేది. తిథి కావాలన్నా, ముహూర్తం కావాలన్నా ఆయన గడపకి వెళ్లి అడగాల్సిందే. అచ్చు క్యాలెండరు వచ్చి వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడాకే ఆ పెత్తనం మన చేతికొచ్చింది. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ అందులోనే. మిగిలిన జాగాలో పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన రోజు, చీటీ కట్టాల్సిన తారీకు, పుట్టింట్లో శుభకార్యం. వీటి మధ్యన ఒక చిన్న చుక్క కూడా ఉండేది. అదేమిటో ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు, మగవాళ్లు అడిగేవాళ్లు కాదు. అందరి కళ్లెదుటా ఉంటూనే కొందరికే అర్థమయ్యే రాత అది.

దేశం మొత్తానికీ ఒకే క్యాలెండరు ఉండాలని ప్రభుత్వమూ ప్రయత్నించింది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన కమిటీ వేశారు. అప్పటికి దేశంలో ముప్పై రకాల పంచాంగాలు వాడకంలో ఉన్నాయట. కమిటీ చెప్పిన శక క్యాలెండరు 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి, గెజెట్టు దాన్ని పట్టించుకున్నాయి. ఆ తారీకు చూసి పెళ్లి పెట్టుకున్నవాళ్లని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

ఫోన్లోని క్యాలెండరు పుట్టింది ఇంటికోసం కాదు, ఆఫీసు మీటింగులకోసం. గూగుల్ క్యాలెండరు 2006 ఏప్రిల్‌లో వచ్చింది. ఒకరు రాస్తే మిగతావాళ్లందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. "నాకెవరూ చెప్పలేదే" అనే మాట మా ఇంట్లో సగానికి సగం తగ్గింది. ఆ మేలు కాదనను. కానీ దానికి తిథి తెలియదు. "ప్రతి ఏడాదీ" అని నొక్కితే ఇంగ్లీషు తారీకునే పట్టుకుంటుంది. కార్తీక అమావాస్య 2023లో డిసెంబరు 12న వచ్చింది, 2024లో డిసెంబరు 1న, 2025లో నవంబరు 20న. చాంద్రమానం ఏడాదికి పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. అధికమాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ ఏడు కార్తీక అమావాస్య మళ్లీ డిసెంబరులోకి వెళ్లింది.

పండగైతే ఎవరో ఒకరు చెబుతారు. తద్దినం అలా కాదు, అది ఆ ఒక్క ఇంటిదే. మా మామయ్యగారి తద్దినం ఇక్కడ మేం పెడతాం, డాలస్‌లో మా మరిది పెడతాడు. తిథి ప్రపంచమంతా ఒకే క్షణాన మొదలవుతుంది, కానీ అప్పుడు ఇక్కడ సాయంత్రమైతే అక్కడ పొద్దున. మంగళవారం సాయంత్రం ఆరింటికి మొదలై బుధవారం సాయంత్రం అయిదింటి దాకా ఉన్న తిథి అనుకోండి. తద్దినానికి మధ్యాహ్నం పూట తిథి ఉండాలి కాబట్టి మాకు బుధవారం. డాలస్‌లో అదే తిథి మంగళవారం పొద్దున్నే మొదలై బుధవారం తెల్లారేసరికి అయిపోతుంది, వాళ్లకి మంగళవారమే. మేం పంచుకున్న క్యాలెండరులో బుధవారం అని పెడితే అక్కడా బుధవారమే చూపిస్తుంది. అన్నదమ్ములిద్దరూ ఒకేరోజు పెట్టాలన్న పట్టింపుతో ఫోన్ చెప్పినట్టు చేస్తే, అక్కడ తిథి దాటిపోతుంది.

అందుకని ఉగాది పచ్చడి తిన్నాక నేను పంచాంగం ముందేసుకుని ఏడాది తిథులన్నీ ఒక్కొక్కటిగా ఎక్కిస్తాను. డాలస్‌వి మా తోడికోడలు అక్కడి ఊళ్ల టైముకి లెక్కగట్టిన పంచాంగం చూసి వేరే రంగులో పెడుతుంది. మా వారు, మరిది చూసుకుంటారు, అంతే. అయ్యవారి చేతిలోంచి మేకుకి, మేకు మీంచి ఫోన్లోకి వచ్చినా రాసే చెయ్యి మాత్రం మారలేదు. ఆ పాత చుక్కకి ఇందులో చోటు దొరకలేదు. తాళం వేసి దాచుకోవచ్చని మా అమ్మాయి చూపించింది. "అక్కా, దానికి చిన్న డైరీ చాలు" అంది తోడికోడలు. అమ్మాయి తన ఫోన్లో విడిగా పెట్టుకుంది, నేను డైరీ కొనుక్కున్నాను.