మాటను విడదీసే పనికి ఏ భాష?

శుక్రవారం సాయంత్రాలు మస్కట్‌లో, రూవీ దగ్గర ఒకరింట్లో, పదిమంది పిల్లలకి తెలుగు చెబుతుంటాం. ఆమధ్య ఒక పిల్ల "ఇంట్లోవాళ్ళకి" అన్న మాట నిఘంటువులో ఎక్కడుందని అడిగింది. ఉండదు మరి. "ఇల్లు" దగ్గర వెతుక్కోవాలి. ఆ సంగతి మనకి తెలుసు, పిల్లకి తెలియదు, కంప్యూటరుకి అసలే తెలియదు. మాటని విడదీసి మూలపదం చూపించే చిన్న లైబ్రరీ ఒకటి రాద్దామని కూర్చున్నాను. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను: ఏ ప్రోగ్రామింగు భాషలో రాయాలి?

ఆఫీసులో ఒక ఒమానీ మిత్రుడితో అంటే నవ్వాడు. "ఈ పని మా ఖలీల్ ఎప్పుడో మొదలుపెట్టాడు" అన్నాడు.

అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ సుమారు 718లో ఒమాన్‌లో పుట్టి, బస్రాలో పేరుపొందిన పండితుడు. అరబ్బీకి మొదటి నిఘంటువని చెప్పే 'కితాబ్ అల్ ఐన్' ఆయన తలపెట్టినదే. పూర్తిచేసింది శిష్యుడు లైథ్ అంటారు. అందులో అక్షరాల వరస అలీఫ్‌తో మొదలుకాదు. గొంతులోంచి పలికే 'ఐన్'తో మొదలై పెదవుల దాకా వస్తుంది. మన కవర్గం నుంచి పవర్గం దాకా నడిచే వరస గుర్తుకు రావడం లేదూ? (ఈ ఆలోచన మనవైపు నుంచి వెళ్ళిందేమోనని అనుమానించిన పండితులున్నారు. తేలలేదు.) అంతకన్నా ఆశ్చర్యం ఇంకొకటి. మూడు హల్లుల ధాతువుని ఆరు రకాలుగా పేర్చవచ్చు. ఆ ఆరింటినీ ఒకేచోట పెట్టి, వాడుకలో ఉన్నవేవో లేనివేవో విడగొట్టాడు. నాలుగు హల్లులైతే 24, అయిదైతే 120. మేము ఇంజనీరింగులో బట్టీపట్టిన పర్మ్యుటేషన్లే ఇవి. ఏ భాషలో ప్రోగ్రాం రాయాలన్న బెంగ మాత్రం ఆయనకి లేదు.

ఆ బెంగ తర్వాతివాళ్ళకి వచ్చింది. 2002లో టిమ్ బక్‌వాల్టర్ అరబ్బీ పదవిశ్లేషకం పెర్ల్‌లో వెలువడింది. పాఠాన్ని కోసి కుట్టడానికి అప్పట్లో పెర్ల్‌దే పేరు. ఒక్కో అరబ్బీ అక్షరానికి ఒక్కో రోమన్ గుర్తు పెట్టుకుని పని నడిపాడాయన. ఆ దారిలోనే వచ్చిన మదామీరా 2014లో జావాకి మారింది. 2020లో అబుదాబిలోని న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు కామెల్ టూల్స్‌ని పైథాన్‌లో తెచ్చారు. ఇరవై ఏళ్ళు తిరక్కుండా మూడు భాషలు!

మన కథా ఇంచుమించు ఇదే. కాన్పూరు ఐఐటీలో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు పాణినీయ పద్ధతిలో భారతీయ భాషల్ని కంప్యూటరుకి నేర్పబోయారు. వాళ్ళ పుస్తకం 1995లో వచ్చింది. అక్కడ పుట్టిన లిప్యంతరీకరణలో 'త'కి డబ్ల్యూ, 'ద'కి ఎక్స్. అంటే తెలుగు అన్న మాటే డబ్ల్యూతో మొదలవుతుంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్‌తో తెలుగు రాసినవాళ్ళు ఈ పత్రిక చదివేవారిలో చాలామందే ఉంటారు. 2004లో నేనూ ఆర్‌టీఎస్‌లో మాటలు పెట్టుకుని, పెర్ల్‌లో ఒక విభక్తుల ప్రోగ్రాం రాశాను. ఆ ఫైలు ఇంకా ఉంది. మొన్న తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. రాసినవాడికే అర్థంకానిది ఇంకెవరు ముందుకి తీసుకెళ్తారు?

ఇక్కడే ఎన్‌ఎల్‌టీకే చరిత్ర నాకు పనికొచ్చింది. 2001లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ బర్డ్, ఎడ్వర్డ్ లోపర్ ఒక కోర్సు కోసం ఈ లైబ్రరీ మొదలుపెట్టారు. పైథాన్ ఎంచుకున్నది వేగం చూసి కాదు. ప్రోగ్రామింగు రాని భాషాశాస్త్ర విద్యార్థి కూడా త్వరగా నేర్చుకోగలడని, చదివితే అర్థమవుతుందని. అందులో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఇచ్చిన తెలుగు వాక్యాలు కూడా ఉన్నాయి, వెయ్యికి కాస్త తక్కువ.

అయితే అక్షరాల దగ్గర పైథాన్ చాలాకాలం ఏడిపించింది. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. పాత పైథాన్‌లో మామూలుగా రాసిన మాట పొడవు అడిగితే ఆ 18 చెప్పేది. 2008 చివర్లో వచ్చిన మూడో పైథాన్ ఆరంటుంది. జావా పుట్టుకతోనే యూనికోడ్. ఆఫీసులో నేను రాసేదీ అదే. నా చెయ్యి అటే లాగింది.

మాతోపాటు పాఠం చెప్పే అక్కయ్యగారు ఒకప్పుడు తెలుగు లెక్చరరు. నా మొదటి నమూనా చూసి, "ఇదేమిటి బాబూ, 'ఇంట్లో'కి మూలం 'ఇంటు' అంటోంది?" అన్నారు. చివర 'లో' తీసేసి ఉకారం తగిలించమని రాసింది నేనే. "ఇల్లు, ఇంటి, ఇంట్లో. నోరు, నోటి, నోట్లో. కన్ను, కంటి, కంట్లో. ఔపవిభక్తికాలయ్యా, మరిచిపోయావా?" మరిచిపోవడానికి నేను చదివితే కదా! నాకు రానిది ఆవిడకి వచ్చు. జావాలో రాస్తే ఆవిడ చెప్పాలి, నేను రాయాలి. నాకు బదిలీ అయితే పని అక్కడితో సరి.

పైథాన్‌లోనే మళ్ళీ రాసి, సూత్రాలున్న ఫైలు ఆవిడకి చూపించాను. రెండు శుక్రవారాలు పక్కన కూర్చున్నాను. మూడోవారం ఆవిడే 'నోరు', 'కన్ను', 'కాలు', 'చేయి' చేర్చి, నా సూత్రాలు రెండు కొట్టేశారు. 'ఊళ్ళో' మాత్రం ఇంకా విడిపోవడం లేదు.