అరవయ్యో వారం

కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి 2019లో రిటైరయ్యాను. ఆ ఏడాదే మా చెల్లెలి కూతురు న్యూజెర్సీ నుంచి నాకొక చేతిసంచి పంపింది. గోధుమరంగు గుడ్డ మీద ఎల్, వి అక్షరాలూ, నాలుగు రేకుల పూలూ అచ్చువేసిన సంచి. లూయీ విట్టన్ అట. ఆ రకాన్ని స్పీడీ అంటారట. కొత్తది కాదనీ, ఎవరో వాడినదాన్ని ఏడువందల డాలర్లకి కొన్నాననీ, మొదటి జీతంలోంచి నాకేదైనా కొనాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాననీ ఫోన్లో చెప్పింది. అంత డబ్బు ఒక సంచికా అని కోప్పడ్డాను. మర్నాటి నుంచీ దాన్నే చేతికి తగిలించుకుని తిరిగాను.

రెండు నెలల తర్వాత ఒక సెమినార్లో, భోజనాల దగ్గర, నాకు తెలిసిన ఒకావిడ కుర్చీలో పెట్టిన నా సంచిని తీసి వెనక్కి తిప్పి చూశారు. "ఈ వైపు అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి చూడండి మేడమ్. ఇది డూప్లికేట్. మిమ్మల్నెవరో మోసం చేసినట్టున్నారు" అన్నారు నవ్వుతూ. చుట్టూ నలుగురున్నారు. నా చెవులు వేడెక్కాయి. ఆ పూట నేను చదివిన పేపర్ బీడీలు చుట్టే స్త్రీల కూలి గురించి. ఒక కంపెనీ అక్షరాలు తలకిందులైతే నేనెందుకు సిగ్గుపడాలి? కానీ పడ్డాను. ఆవిడ తిప్పి చూసింది సంచిని కాదు, నన్ను. బస్సులో వచ్చే లెక్చరర్ చేతిలో ఇది ఉండే అవకాశం ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఏ పారిశ్రామికవేత్త భార్యో పట్టుకుని వస్తే ఎవరైనా తిప్పి చూస్తారా? నిజానికి ఆ చేతిలో నకిలీ కూడా అసలుగానే చెల్లిపోతుంది.

మా వృత్తిలో దొంగ పత్రాలు కొత్త కాదు. 7వ శతాబ్దంలో హర్షుడు వేయించిన మధుబన్ తామ్రశాసనంలోనే, వామరథ్యుడనే బ్రాహ్మణుడు కూటశాసనంతో, అంటే దొంగ రాగిరేకుతో, ఒక గ్రామాన్ని అనుభవిస్తున్నాడనీ, ఆ రేకుని విరగ్గొట్టించి ఊరిని వేరే వాళ్లకిస్తున్నాననీ ఉంది. ఫ్లీట్, కీల్‌హార్న్ లాంటి శాసన పరిశోధకులు లిపి ఆ కాలానిదేనా, తిథికీ వారానికీ పొంతన కుదురుతోందా అని లెక్కలు కట్టి అసలూ నకిలీ తేల్చేవారు. నేను కూడా ఆ సంచిని ఒక రాగిరేకులాగే ముందు పెట్టుకున్నాను. రిటైరైన మనిషికి తీరికే తీరిక.

మొదట తేలింది, ఆవిడ చెప్పిన ఆధారం తప్పని. స్పీడీలాంటి సంచుల్లో ఒకే గుడ్డముక్క ముందువైపు నుంచి అడుగు మీదుగా వెనక్కి వెళ్తుంది. మధ్యలో అతుకు ఉండదు. అందువల్ల ఒకవైపు నిటారుగా ఉన్న అక్షరాలు రెండోవైపు తలకిందులు కాక తప్పదు. అసలు సంచిలోనూ అంతే. ఆ క్షణంలో ఆవిడకి ఫోన్ చేయాలనిపించింది. చేయకపోవడం మంచిదైంది.

లోపలి జేబు దగ్గర చిన్న తోలుముక్క మీద రెండక్షరాలూ నాలుగంకెలూ ఉన్నాయి. 1980ల నుంచి ఆ సంస్థ తన సంచుల్లో తయారీ గుర్తులు వేసేది. అక్షరాలు ఏ కర్మాగారమో చెబుతాయి. 2007 తర్వాతి వాటిలో ఒకటో అంకె, మూడో అంకె కలిపితే వారం. రెండోదీ నాలుగోదీ కలిపితే ఏడాది. నా సంచి మీద 6107 అని ఉంది. 2017వ సంవత్సరం, అరవయ్యో వారం.

ఏడాదికి యాభై రెండు వారాలు. ఎప్పుడో ఒకసారి యాభై మూడు.

అంకె తప్పితే నకిలీ అని ఖాయంగా చెప్పొచ్చు. అంకె సరిపోయినంత మాత్రాన అసలుదని చెప్పలేం, ఒప్పు అంకెని నకలు కొట్టడం ఎంతసేపు? అందుకే పిడి కూడా చూశాను. అసలు స్పీడీకి పిడులు రంగూ పూతా లేని తోలువి. ఎండకీ చేతి చెమటకీ కొన్నాళ్లకి తేనెరంగులోకి తిరుగుతాయి. నా సంచి పిడి హైదరాబాదు ఎండలో మాసింది గానీ రంగు తిరగలేదు. అమ్మినవాడు మా పిల్లని మోసం చేశాడు. 2021లో ఆ సంస్థ ఈ అంకెల పద్ధతే మానేసి లోపల చిప్ పెట్టింది. ఇక అందులో ఏముందో మన కళ్లకి కనిపించదు, సంస్థే చెప్పాలి.

తమాషా ఏమిటంటే, మనం అసలుకి గుర్తుగా చూసే ఆ ఎల్, వి అక్షరాలు పుట్టిందే నకిలీల వల్ల. 1854లో పారిస్‌లో పెట్టెలు చేసే దుకాణం తెరిచిన లూయీ విట్టన్‌కి పేరు రాగానే అనుకరణలు మొదలయ్యాయి. ఆయన గుడ్డని మార్చాడు, చారలు వేయించాడు. 1888లో గళ్లు వేయించి, ఆ గళ్ల మధ్యే ఇది తన రిజిస్టర్డ్ గుర్తు అని రాయించాడు. ఆయన పోయాక 1896లో కొడుకు జార్జ్, తండ్రి పేరులోని అక్షరాలనే నేతలోకి తెచ్చాడు. అప్పటిదాకా పెట్టె మంచిదా కాదా అని చూడటానికి మూత, తాళం, అంచులు చూసేవారు. అప్పట్నుంచీ పేరు చూస్తే చాలు. మరో విషయం, ఆ సంచుల ఒళ్లు తోలు కాదు. పైపూత వేసిన గుడ్డ. తోలనుకుని మురిసిపోయేవాళ్లు నాలాగా చాలామందే ఉంటారు.

ఈ పరీక్ష ఆడవాళ్ల చేతిలోని సంచికే ఎందుకింత గట్టిగా ఉంటుందో నేను చాలాకాలం ఆలోచించాను. ఇంగ్లండులో 18వ శతాబ్దం దాకా స్త్రీలు జేబుల్ని నాడాతో నడుముకి కట్టుకుని పావడాల కింద దాచుకునేవారు. మా అమ్మమ్మ చిల్లర రొంటిన దోపుకున్నట్టే. ఎంతుందో ఎవరికీ తెలియదు. 1790ల్లో పల్చటి, ఒంటికి అంటుకునే గౌన్లు వచ్చాక లోపలి జేబుకి చోటు పోయి, చేతికి వేలాడే చిన్న సంచి వచ్చింది. దాని పేరు రెటిక్యూల్. దాన్ని రిడిక్యూల్ అని వెటకారం చేశారు. రహస్యంగా ఉన్నది నలుగురి కళ్లముందుకి వచ్చిందన్నమాట. అప్పటికింకా పెళ్లైన ఇంగ్లీషు స్త్రీ సంపాదన చట్టం ప్రకారం భర్తదే. ఆమె కూలి డబ్బు ఆమెదని 1870లో చట్టం వచ్చింది, ఆస్తి మీద పూర్తి హక్కు కోసం 1882 దాకా ఆగాల్సి వచ్చింది. సంచి ఆమె చేతిలోనే ఉంది, అందులోని డబ్బు మాత్రం ఆమెది కాదు.

కిందటేడు పిడి ఊడింది. బస్టాపు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పేరు చూడలేదు, అక్షరాలు చూడలేదు. దారం కొస పట్టుకుని లాగారు. "మిషన్ కుట్టు మేడమ్. ఒక్కతాన తెగితే పక్కయి గూడ ఊడొస్తయి" అన్నారు. ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారం రెండు కొసల్నీ అటూ ఇటూ నుంచి ఒకే బెజ్జంలో దూర్చి బిగించారు. ఒక కుట్టు తెగినా పక్కది నిలబడుతుంది. ఎర్మెస్ సంస్థ లక్షల రూపాయల సంచుల్లో గొప్పగా చెప్పుకునే జీనుకుట్టు ఇదే, గుర్రపు జీనుల కాలం నాటిది. (విట్టన్ అసలు సంచుల్లో కూడా చాలా కుట్లు మిషన్‌వే, కాబట్టి ఆయన మాట నకిలీకి రుజువు కాదు.) ఎనభై రూపాయలు తీసుకున్నారు.

మా అమ్మమ్మ ఊళ్లో మాదిగవాడలో తంగేడు చెక్కతో లందల్లో తోలు ఊనేవారు. చెప్పులూ, మోటబానా వాళ్లే కుట్టేవారు. ఏడాదికోసారి కళ్లంలో ఇంత మేర కొలిచి పోసేవారు. ఏ కుట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు. నకిలీ అనే మాటకే అక్కడ తావు లేదు. కానీ చెప్పులు తెచ్చిస్తే అమ్మమ్మ వాటిమీద నీళ్లు చల్లి గానీ ముట్టుకునేది కాదు. పారిస్‌లో చేతికుట్టు అంటే సంచి ధర పెరుగుతుంది. మా ఊళ్లో అదే కుట్టు కుట్టిన చెయ్యి అంటరానిదైంది. ఈ మాట నేను క్లాసులో ఎన్నడూ చెప్పలేదు, నాకు తట్టనే లేదు.

అక్కడ కూడా ఆ చెయ్యి ఎవరిదన్నది ఎప్పుడూ నిజం చెప్పరు. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్ తయారీ విభాగాన్ని పర్యవేక్షణ కింద పెట్టింది. సబ్‌కాంట్రాక్టు వర్క్‌షాపుల్లో చైనా కార్మికులు రాత్రీ పగలూ పనిచేస్తూ అక్కడే పడుకుంటున్నారని దర్యాప్తులో బయటపడింది. దుకాణంలో 2,600 యూరోలకి అమ్మే సంచిని కూర్చినందుకు సరఫరాదారుకి ఇచ్చింది, తోలు ఖర్చు కాక, 53 యూరోలు. 2025లో ఆ పర్యవేక్షణ ఎత్తేశారు. ఆ సంచుల మీద అంకెలన్నీ సరిగ్గానే ఉండి ఉంటాయి. అవి అసలువే మరి.

మొన్న మా పిల్ల ఫోన్ చేసింది. "పెద్దమ్మా, బ్యాగు వాడుతున్నావా, బీరువాలో దాచేశావా?"

"రోజూ వాడుతున్నానే తల్లీ. పిడి ఊడితే కుట్టించాను కూడా."

"అయ్యో, బయట ఎందుకిచ్చావు? డిసెంబర్లో వస్తున్నాగా, కంపెనీ షాపుకే తీసుకెళ్దాం. పిడులు కొత్తవి వేసిస్తారు."

"గట్టిగానే ఉందిలే" అన్నాను. టికెట్ తేదీ అడిగి క్యాలెండర్ మీద రాసుకున్నాను. తోలుముక్క మీది నాలుగంకెలూ దానికింకా చదివి చెప్పలేదు.