రక్తమునకు మందు, నరములకు చేటు

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనవారికి ఫోలిక్ ఆమ్లము జ్ఞాపకము వస్తుంది. ఆ మందు చేసిన మేలు అందరూ చెప్పుకొనేదే. అది ఒక సందర్భములో నరముల వ్యాధిని దాచిపెట్టిన కథ మాత్రము అంతగా ప్రచారములోనికి రాలేదు. మనకు నేడు ఎక్కువ పనికివచ్చేది ఆ కథయే అని నా అభిప్రాయము.

సుబ్బారావుగారు 1895లో భీమవరములో జన్మించారు. సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులను ఇద్దరిని కొద్దిరోజుల వ్యవధిలో కబళించినది, ఆయననూ పీడించినది. మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికా వెళ్లారు. 1940లో హార్వర్డు విడిచి లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వమున పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేశారు. సంగ్రహణికి, కొన్ని రకముల రక్తహీనతకు అది చక్కగా పనిచేసినది.

పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు అంతవరకు కాలేయమే మందు. 1926లో మైనాట్, మర్ఫీ అను అమెరికా వైద్యులు రోగులకు ప్రతిదినమూ కాలేయము తినిపించి బ్రదికించారు. ఆ వెగటు తిండికి బదులు చిన్న మాత్ర వచ్చినదని వైద్యులు సంతోషించడము సహజమే కదా! రక్తము నిజముగానే బాగుపడినది. పాలిపోయిన ముఖములు తేరుకొన్నవి. కాని నెలలు గడచినకొలది కొందరికి అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలుడు కనిపించినవి. రక్తపరీక్ష చూస్తే అంతా సవ్యమే. లోపల వెన్నుపాము చెడిపోతున్నది.

ఆ చిక్కు 1948లో విడినది. కాలేయములోని అసలు వస్తువైన బి12 విటమినును ఆ సంవత్సరమే అమెరికాలోను, ఇంగ్లండులోను వేరుచేశారు. బి12 కొరతవల్ల కలిగే రక్తహీనతను ఫోలిక్ ఆమ్లము ఎక్కువ మోతాదులో కప్పిపుచ్చగలదు. నరముల పైపొరను కాపాడుట దానికి చేతకాదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

అందుచేత నేడు రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము ఇచ్చేముందు వైద్యులు బి12 సంగతి కూడ విచారిస్తారు. శాకాహారులు, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడేవారు అరికాళ్ల తిమ్మిరిని నీరసమని తోసివేయక వైద్యునికి చెప్పుట అవసరము. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారి విషయము ఇంకొకటి. ఆ మందు శరీరములోని ఫోలిక్ ఆమ్లమును తగ్గిస్తుంది. ఆ లోటు తీర్చుకొందామని తమంతట తామే పెద్ద మోతాదులో మాత్రలు మింగితే, రక్తములో ఫెనిటాయిన్ మట్టము పడిపోయి మూర్ఛలు తిరిగి రావచ్చు.

నర్మెట్ట వంటి గ్రామాలలో గర్భిణులకు పంచే ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను చూచి మాత్రము జంకవలసిన పనిలేదు. వాటిలో ఫోలిక్ ఆమ్లము అర మిల్లీగ్రామే. ఆనాటి రోగులు దినమునకు అనేక మిల్లీగ్రాములు మింగారు. పైగా గర్భము ధరించక ముందునుంచీ ఫోలిక్ ఆమ్లము వాడితే శిశువు వెన్నులోని లోపములు చాలవరకు తప్పుతవని 1991లో బ్రిటిష్ పరిశోధన ఒకటి తేల్చినది. మూర్ఛమందు వాడుతూ బిడ్డను కోరుకొనే స్త్రీకి ఎంత మోతాదు కావలెనో వైద్యుడు ముందే నిర్ణయిస్తాడు. అంతవరకు వాడుతున్న మూర్ఛమందును హఠాత్తుగా మానివేయుట ప్రమాదము.