మహబూబ్ పాషా క్లోరోఫాం, మామూ కమర్

మా మామూది మర్రిగూడ వైపు ఊరు. నమాజులో రుకూకి వంగలేక నలభై అయిదేళ్లకే మస్జిద్‌లో కుర్చీ పట్టారు. "కమర్ మే పత్థర్ బైఠ్ గయా బేటా" అనేవారు, నడుములో రాయి కూర్చుందని. మాటవరసకు అన్నా అది దాదాపు నిజమే. బోరునీళ్ల ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. వెన్నుపూసల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు కూడా గట్టిపడి ఎముకలా తయారవుతాయి. లోపలి దారి ఇరుకై, కాళ్లకు పోయే నరాలు నలుగుతాయి. నల్లగొండలో ఈ మర్జ్ గురించి సిద్దీఖీ అనే డాక్టర్ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మామూ అప్పటికి పుట్టనేలేదు.

2011లో హైదరాబాద్‌లో ఒక దవాఖానాలో ఆయనకు నడుము ఆపరేషన్ అయింది. వెన్నులో సూది వేసి నడుము కింద సున్ చేద్దామనుకున్నారు. మూడుసార్లు గుచ్చినా సూది దిగలేదు. చివరికి పూర్తిగా బేహోష్ చేసి కోశారు. హోష్ వచ్చాక ఆ రాత్రి ఆయన పడ్డ దర్ద్ నేను చూశాను. సబర్ చేయమన్నారు. అప్పటికే ఇరవై ఏళ్లుగా ఆయన చేస్తున్నది సబరే కదా!

ఆ రాత్రి తర్వాతే బేహోషీ తారీఖ్ చదవడం మొదలుపెట్టాను. చదువుతూపోతే తిరిగి మన హైదరాబాద్‌కే వచ్చాను.

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. ఆపరేషన్ బల్ల మీద కొందరు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది దిల్లా, శ్వాసా? దీని మీద దశాబ్దాల పాటు బహస్ నడిచింది. హైదరాబాద్ మెడికల్ స్కూల్ పెద్ద ఎడ్వర్డ్ లారీ మాత్రం శ్వాసే అని పట్టుబట్టాడు. ఇది 1846లో ఉర్దూలో వైద్యం చెప్పడానికి మొదలైన స్కూలు. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు ఆ సంగతి తెలిసి కాస్త గర్వమే కలిగింది. 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చారు. లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. లారీ మాట నమ్మకుండా వచ్చిన ఆయన, కుక్కల మీదా కోతుల మీదా వందల ప్రయోగాలయ్యాక లారీదే సహీ అన్నాడు. లారీ శిష్యుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఉంది. మత్తు ఇచ్చే పనిలో దునియాలోనే తొలి మహిళా డాక్టర్‌గా చెప్పుకునేది ఆమెనే. రిపోర్టు 1890లో లాన్సెట్‌లో అచ్చయింది. అదే ఏడు పాలమూరు పేరు మహబూబ్‌నగర్ అయింది.

ఫైసలా మాత్రం సగమే నిలబడింది. క్లోరోఫాం దిల్‌ను కూడా ఆపగలదని 1911లో లెవీ చూపించాడు. అయినా, శ్వాస మీంచి కన్ను తీయొద్దన్న లారీ నసీహత్‌కు నేటికీ విలువ తగ్గలేదు.

బేహోషీ ఎంత మంచిదైనా, మెలకువ వచ్చాక నొప్పి అక్కడే కూర్చుని ఉంటుంది. నొప్పి ఉన్నచోటునే సున్ చేసే దారి వేరే మొదలైంది. 1884లో కోలర్ కంట్లో కొకైన్ చుక్కలతో చేశాడు. 1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బియర్ వెన్నులోకి సూదితో పంపాడు. బియర్ తన అసిస్టెంట్‌కు సూది వేసి, కాలి ఎముక మీద సుత్తితో కొట్టి చూశాడు. నొప్పి తెలియలేదు. తర్వాత ఇద్దరూ తలనొప్పితో మంచమెక్కారు. మామూ నడుములో దిగనిది ఆ సూదే. అది నడిమి లిగమెంట్లను దాటి పోవాలి. అవి రాయయ్యాక ఎలా పోతుంది?

ఇక మిగిలేది మార్ఫిన్ లాంటి మందు. అది నొప్పితో పాటు శ్వాసనూ నెమ్మది చేస్తుంది. ఫ్లోరైడ్ ముదిరినవాళ్లకు పక్కటెముకలూ బిగుసుకుని ఊపిరే పైపైన ఆడుతుంటుంది. లారీ భయపడిన చోటికే మళ్లీ వచ్చామన్నమాట.

2016లో కెనడా డాక్టర్ ఫొరేరో, ఆయన సాథీలు కొత్త బ్లాక్ ఒకటి రాశారు. ఎరెక్టర్ స్పైనే ప్లేన్ బ్లాక్ అంటారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, వెన్నుపూస పక్కకొమ్ము మీద, వీపు కండరం అడుగున మందు పరుస్తారు. నడిమి లిగమెంట్లను దాటే పనే లేదు. మొదట ఛాతీ నరాల నొప్పికి చేసినదాన్ని తర్వాత నడుము ఆపరేషన్లకూ తెచ్చారు. పూర్తిగా నొప్పి పోదు, అందరికీ ఒకేలా పనిచేయదు. కానీ తొలి గంటలు తేలికవుతాయి, మార్ఫిన్ తగ్గుతుంది.

పోయినేడు మా ముమానీకీ అదే ఆపరేషన్. తాగింది ఆ బోరునీళ్లే కదా. ఈసారి ముందే డాక్టర్‌ను అడిగాను. చేస్తామన్నారు. ఆ రాత్రి ముమానీ చాయ్ అడిగింది. పక్కన కుర్చీలో మామూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "యే సుయీ కబ్ ఆయీ?" అన్నారు. ఈ సూది ఎప్పుడొచ్చిందని. చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు.

"పాంచ్ సాల్" అన్నారు.