బాలవాడిలో అన్నం, తూకం

మా ఊరి చరిత్ర రాయమని సారు అంటే మా క్లాసులో చాలామంది హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వర గుడిని ఎంచుకున్నారు. నేను మా బాలవాడి గురించి రాస్తున్నాను. 1982లో మా అవ్వ అక్కడ వంటమనిషిగా చేరింది.

మన రాష్ట్రంలో పిల్లలకు సర్కారు అన్నం పెట్టడం మొదట బళ్ళలోనే. 1920లో మదరాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్న భోజనానికి తీర్మానం చేసింది. అప్పటి అధ్యక్షులు పిట్టి త్యాగరాయ శెట్టి గారు మన తెలుగువారే. ఒక్కో పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించి ఖర్చు కాకూడదన్నారు. తర్వాత కామరాజ్ గారు ముఖ్యమంత్రిగా 1956లో దాన్ని ఊరూరి బళ్ళకు తీసుకెళ్ళారు. అయితే బడికి వచ్చే పిల్లకు ఐదేళ్ళు నిండి ఉంటాయి. ఇంట్లో చంకలో ఉన్న చెల్లెలి మాటేమిటి?

1975 అక్టోబరు 2న కేంద్రం 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలుపెట్టాక ఆరేళ్ళలోపు పిల్లల వంతు వచ్చింది. 1982 జూలై 1న ఎం.జి.ఆర్. గారి సత్తుణవు పథకం వచ్చింది. పల్లెల్లో రెండేళ్ళు నిండిన పిల్లలకు బాలవాడిలోనే అన్నం. కట్టెల పొగకు కళ్ళు మండేవని అవ్వ చెప్తుంది. అన్ని కులాల పిల్లలనూ ఒకే వరసలో కూర్చోబెడుతున్నారని మొదట్లో కొందరు పంపలేదంట. కొన్నాళ్ళకు వాళ్ళ పిల్లలే గిన్నె పట్టుకుని వచ్చేశారంట.

కానీ రెండేళ్ళు నిండాలి కదా! అవ్వ మొదటి కూతురు, అంటే మా అత్త, ఏడాదిన్నరకే పోయింది. అప్పటికి ఊళ్ళో బాలవాడే లేదు. "విరేచనాలైనాయి, దిష్టి అన్నారు. పల్చటి గంజి తప్ప ఏం పెట్టలేదు నేను" అంటుంది అవ్వ. ఆరు నెలలు దాటితే తల్లిపాలు ఒక్కటే చాలవు. గంజితో కడుపు నిండినట్టుంటుంది గానీ బలం రాదు. పైన విరేచనాలు పట్టుకుంటే ఉన్న బరువూ పోతుంది.

ఆ వయసును సూటిగా చూసిన పథకం ఒకటి 1980లోనే మొదలైంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో తమిళనాడు సమగ్ర పోషకాహార ప్రాజెక్టు అని, మొదట మదురై జిల్లా కొట్టాంపట్టి బ్లాకులో. ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలను నెలనెలా తూకం వేసేవాళ్ళు. కార్డు మీద గీత పైకి పోకపోతే ఆ బిడ్డకు ధాన్యం, పప్పు, బెల్లం కలిపిన ఉండలు కనీసం 90 రోజులు పెట్టేవాళ్ళు. బరువు పెరిగితే ఆపేవాళ్ళు. ఎందుకు ఆపాలి అని నాకు మొదట కోపం వచ్చింది. ఇంట్లో ఏం పెట్టాలో ఈలోపు తల్లికి నేర్పేవాళ్ళని తర్వాత తెలిసింది. మరీ చిక్కిపోయిన పిల్లల సంఖ్య ఈ ప్రాజెక్టు వల్ల తగ్గింది. కొంచెం తక్కువ బరువున్న పిల్లల విషయంలో మాత్రం అంత ఫలితం రాలేదు.

ఎం.జి.ఆర్. అన్నం అందరికీ గుర్తుంది. ఎండలో కాటా మోసుకుని ఇల్లిల్లూ తిరిగిన అక్కల గురించి ఏ పాఠంలోనూ లేదు. నాకైతే వాళ్ళ పనే కష్టమనిపిస్తుంది. వండిన అన్నం కంటికి కనిపిస్తుంది, గీత కిందికి దిగడం ఎవరికి కనిపిస్తుంది?

మా బాలవాడికి కాటా వచ్చినప్పుడు, తూకం వేస్తే బిడ్డ చిక్కిపోతుందని కొందరు ఒప్పుకోలేదంట. అవ్వే వాళ్ళ ఇళ్ళకు పోయి పిలుచుకొచ్చేదంట. పోయిన నెల మా అక్క కొడుకును తూకానికి తీసుకెళ్తే అవ్వ కూడా వెంట వచ్చింది. ఎంత ఉన్నాడో టీచరును రెండుసార్లు అడిగింది.