హిందూసుందరియు, పెనుగంచిప్రోలు ఆడపడుచును

మునియేటి యొడ్డున వెలసి, శ్రీ తిరుపతమ్మవారి తిరునాళ్లతో నలుదెసల పేరుగాంచిన పెనుగంచిప్రోలునకు మఱియొక కీర్తి గలదు. తెలుగు స్త్రీల పత్రికలకు తొలినాళ్లలో జీవము పోసిన రచయిత్రులలో అగ్రగణ్యురాలగు భండారు అచ్చమాంబ 1874లో ఈ గ్రామముననే జన్మించెను. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులు ఆమె తమ్ముడు. తమ్ముని పేరు వినబడినంతగా అక్క పేరు వినబడదు. గ్రంథాలయ రజతోత్సవవేళ ఆ లోటు తీర్చుట ధర్మము.

పాశ్చాత్యదేశములందు స్త్రీల పత్రిక యనగా వస్త్రభూషణముల పత్రికయే మొదట తలపునకు వచ్చును. అమెరికాలో 1867లో హార్పర్స్ బజార్, 1892లో వోగ్ పుట్టినవి. క్రొత్తతీరు దుస్తులను బొమ్మలతో చూపుట వానికి ముఖ్యమైన పని. తెలుగునాట వేఱొక త్రోవ తొక్కిరి. 1883లో కందుకూరి వీరేశలింగము పంతులు సతీహితబోధినిని, 1893లో మల్లాది వేంకటరత్నము తెలుగు జనానాను నెలకొల్పిరి. ఇవి అలంకారము కంటె అక్షరము ముఖ్యమని తలచినవి. అయినను వానిని నడపినవారు పురుషులు. 1902లో ఏలూరున సత్తిరాజు సీతారామయ్య హిందూసుందరిని స్థాపించి, మొసలికంటి రమాబాయమ్మ, వెంటూరి శేఖరమ్మ అను నిరువురు స్త్రీలను సంపాదకులుగా నిలిపెను. స్త్రీలకై స్త్రీలే వ్రాయు కాలము అట్లు వచ్చెను.

చదువరులెవరు? 1901 జనాభా లెక్కలలో ఈ దేశమున అక్షరము వచ్చిన స్త్రీలు నూటికొక్కరైనను లేరు. కావున చందాదారుల లెక్కయొకటి, చదువరుల లెక్క వేఱొకటి. ఇంటికి వచ్చిన సంచికను చదువు వచ్చినయామె చదువుచుండ, రానివారు చుట్టుచేరి వినుట ఆనాటి అలవాటు. ఒక్క ప్రతి పలువురకు పాఠమయ్యెను.

అట్టి వినువారి కష్టము అచ్చమాంబకు తెలియనిది కాదు. ఆఱవయేట తండ్రి గతించెను. పదవయేట భండారు మాధవరావుతో వివాహమయ్యెను. ఆమె బడికి పోలేదు. తనతో నున్న తమ్ముడు చదువుచుండగా తానును తెలుగు, హిందీ అభ్యసించెను. పిదప మరాఠీ మొదలగు భాషలు నేర్చెను. కన్నబిడ్డలు దక్కకపోయినను కలము విడువలేదు. 1901లో అబలాసచ్చరిత్రరత్నమాల వెలువరించెను. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో గూడి బందరున బృందావన స్త్రీసమాజము స్థాపించెను. ఆ యేడే హిందూసుందరిలో ధనత్రయోదశి యను కథ ప్రకటించెను. పరధనమునకు ఆశపడిన భర్తను పేదరాలగు భార్య ధర్మమున నిలుపుట అందలి విషయము. గురజాడవారి దిద్దుబాటు 1910 నాటిది. అందుచే తెలుగులో తొలికథ అచ్చమాంబదేయని వాదించు విమర్శకులు కలరు.

నగలమోజును గూడ ఆమె విడిచిపెట్టలేదు. ఆమె కథలలో నొకదాని పేరు ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’. ఎరవు తెచ్చిన నగ మెడకు అందమిచ్చినను మనసునకు బరువగునని ఆ సామెత తాత్పర్యము. పెండ్లిండ్లలో ఇరుగుపొరుగు నగలు తెచ్చి పెట్టుకొనుట ఎఱిగిన ఇల్లాండ్రకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు.

1905 జనవరి 18న, ముప్పదియేండ్ల ప్రాయముననే, ఆమె కన్నుమూసెను. పత్రికలు ఆగలేదు. 1928లో డాక్టరు కె.ఎన్. కేసరి మదరాసున గృహలక్ష్మిని ఆరంభించెను. అందు కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు వ్రాసెను. 1952 మొదలు ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూరు ప్రమదావనము దశాబ్దములు సాగెను. నేడు చీరలకు, నగలకు రంగుల పుటలు కొదువ లేవు. వానిని చూచుట తప్పుగాదు. ఆ పుటను చదువగల చదువు ఎవరి కృషిచే లభించెనో మఱచుట తప్పు.

భూమి చేతులు మాఱినను చిట్టా నిలిచియుండినచో హక్కు నిలుచును. పాతపత్రికలు వాఙ్మయమునకు చిట్టాలు. చెదలు తినిన సంచిక మరల రాదు. ఈ గ్రంథాలయపు బీరువాలో అచ్చమాంబ కథలకు ఒక అర యేర్పడి, ఈ యూరి బాలికలు వానిని చదివిన నాడు, పుట్టినింట ఆమె ఋణము కొంతయైనను తీరును.